విశాఖ రేడియో ఎవరిది?

సభకు నమస్కారం.

ముందుగా నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. నేను ఇప్పుడు చెప్పబోయే వాటిలో కొన్ని చదివి తెలుసుకున్నవి, కొన్ని చెవులారా విన్నవి, మరికొన్ని దగ్గరుండి చేసినవి. వృత్తిరీత్యా నేను భౌతికశాస్త్రం చెప్పుకొని బతికిన మాస్టారిని. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1980లలో, కొన్నేళ్లపాటు ఒక రేడియో కేంద్రంలో క్యాజువల్ అనౌన్సరుగా కూడా పనిచేశాను. క్యాజువల్ అంటే నెలకు ఐదారు డ్యూటీలు దొరికే తాత్కాలికపు మనిషి. చీకటితోనే వెళ్లి, సిగ్నేచర్ ట్యూన్ మొదలయ్యే లోపల మైకు ముందు కూర్చోవలసినవాడు. అందువల్ల ఈ సాయంత్రం నా మాటల్లో తరంగాల లెక్క కాస్త ఎక్కువగా వినిపిస్తే పాత అలవాటు అనుకొని క్షమించండి.

కిందటి నెల మద్దిలపాలెం నుంచి జగదాంబ కూడలికి ఆటోలో వస్తుంటే రేడియో మోగుతోంది. ఏ స్టేషను బాబూ అది, అని అడిగాను. అతను వెనక్కి తిరగకుండానే, “పాటల టేషనండి మాస్టారూ. పేరేదైతే ఏటి, పాటైతే వస్తంది కదా” అన్నాడు. నాకు నవ్వు వచ్చింది గానీ, దిగిన తరువాత ఆలోచిస్తే అతను చాలా కచ్చితమైన మాట చెప్పాడని అనిపించింది. మన ఊరి రేడియోకు పేర్లు మారాయి, కంపెనీలు మారాయి, ఒక కంపెనీ దివాలా కోర్టు దాకా వెళ్లి వచ్చింది. వినేవాడికి అందులో ఏదీ తెలియలేదు, తెలియవలసిన అవసరం కూడా కలగలేదు. ఇన్ని చేతులు మారిన స్టేషను అసలు ఎవరిది, ఆ చేతుల మార్పు వల్ల మన చెవికి చేరేదానిలో ఏం మారింది అన్నదే ఈనాటి నా విషయం.

రేడియో అంటే మొదటి నుంచీ ప్రభుత్వానిదే అన్న అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. అది నిజం కాదు. విశాఖపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న రోజుల్లో, 1924లో, మద్రాసులో కొందరు ఔత్సాహికులు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ఒకటి పెట్టుకున్నారు. డబ్బు చాలక మూడేళ్లకే అది మూతపడితే, దాని ట్రాన్స్‌మిటరు మద్రాసు నగరపాలక సంస్థ చేతికి వచ్చింది. 1930 నుంచి 1938 దాకా ఆ సంస్థే ప్రసారాలు నడిపింది. అంటే ఇంటిపన్ను వసూలు చేసి వీధిదీపాలు వెలిగించే కార్పొరేషనే సాయంత్రం పూట సంగీతం కూడా వినిపించేదన్నమాట. 1938 జూన్ 16న ఆల్ ఇండియా రేడియో మద్రాసు కేంద్రం మొదలయ్యాక ఆ ముచ్చట ముగిసింది. బొంబాయిలో 1927లో మొదలైన ప్రైవేటు కంపెనీ కూడా 1930 నాటికే చేతులెత్తేస్తే ప్రభుత్వం తీసుకుంది. హైదరాబాదులో దక్కన్ రేడియోను మొదట పెట్టింది ఒక వ్యక్తి. 1935లో అది నిజాం ప్రభుత్వానికి, 1950లో ఆల్ ఇండియా రేడియోకు దక్కింది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఊరివాళ్లు పెట్టుకొన్న రేడియో, ఊరి కార్పొరేషను నడిపిన రేడియో తెలుగువారు విన్న చరిత్రలో ఉన్నాయి. విశాఖపట్నం చరిత్రలో మాత్రం లేవు. మన స్టేషన్ల యజమాని మొదటి రోజు నుంచీ పొరుగూరివాడే.

1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. ఆ తరువాత పదిహేనేళ్లపాటు ఉత్తరాంధ్ర విన్న తెలుగు రేడియో ప్రధానంగా అదే. సినిమా పాట కావాలంటే మాత్రం సిలోను, అంటే శ్రీలంక రేడియో పట్టుకోవాలి. 1950లలో కేంద్ర సమాచార మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్‌గారికి సినిమా పాట అంటే గిట్టదు. శాస్త్రీయ సంగీతంతో దేశం చెవులను శుద్ధి చేద్దామని ఆయన అనుకుంటే, దేశం ముల్లు తిప్పుకొని కొలంబో వైపు వెళ్లిపోయింది. పోయిన శ్రోతలను వెనక్కి పిలవడానికి 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టింది. శ్రోతకు ఏది మంచిదో యజమాని నిర్ణయించిన ప్రతిసారీ శ్రోత చేసేది ఇదే. తరువాతి రోజుల్లో ప్రైవేటు స్టేషన్లు సరిగ్గా దీనికి ఎదురు దారిలో వెళ్లి, శ్రోతకు ఇష్టమైనది తప్ప మరేదీ వినిపించకూడదన్న నియమం పెట్టుకొన్నాయి. అందులో ఉన్న తిప్పలు కాసేపట్లో చెబుతాను.

ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం 1963లో మొదలైంది. మీడియం వేవ్‌లో 927 కిలోహెర్ట్జ్. ఈ అంకె దగ్గర నన్ను కొంచెంసేపు ఆగనివ్వండి, ఎందుకంటే నా దృష్టిలో మన ఊరి రేడియో కథంతా ఇందులో ఉంది. కాంతి వేగాన్ని ఆ అంకెతో భాగిస్తే తరంగం పొడవు దాదాపు 324 మీటర్లు వస్తుంది. పాత వాల్వు రేడియోల మీద స్టేషన్లను మీటర్లలో గుర్తుపెట్టేవారు, మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. అంత పొడవైన తరంగం నేలను అంటిపెట్టుకొని పోతుంది. చిన్నచిన్న కొండలను లెక్కచేయదు. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపనిస్తుంది కాబట్టి సముద్రం మీద ఇంకా దూరం పోతుంది. రాత్రి అయితే పై వాతావరణంలోని అయనమండలానికి తగిలి తిరిగి వచ్చి మరెక్కడో దిగుతుంది. ఈ కారణాల వల్ల సిరిపురంలోని కేంద్రంలో కూర్చొని మాట్లాడిన మాట భీమిలి, పూడిమడక పడవలకూ చేరేది, శ్రీకాకుళం పల్లెలకూ చేరేది, కనుమల అవతల ఉన్న గిరిజన గ్రామాలకూ అంతో ఇంతో చేరేది. ఎవరూ తీర్మానం చేయకుండానే, ఆ తరంగదైర్ఘ్యమే దానిని ఉత్తరాంధ్ర స్టేషనుగా చేసింది.

ఆ రోజుల్లో స్టేషను నడిచే పద్ధతికి ఫార్మాట్ అన్న మాట ఎవరూ వాడలేదు. రోజుకు మూడు ప్రసారాలు, మధ్యలో విరామాలు. ఉదయం భక్తి సంగీతం, వార్తలు, రైతులకు సూచనలు. మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమం, కోరిన పాటలు. సాయంత్రం కార్మికులకు, గ్రామీణులకు వేర్వేరు కార్యక్రమాలు. రాత్రి నాటకమో, కచేరీయో. అరగంటకొకసారి శ్రోత మారిపోతాడు. రైతుకు చెప్పేటప్పుడు విద్యార్థి రేడియో కట్టేస్తాడు, నాటకం వేళకు ఇంటిల్లిపాదీ చేరుతుంది. వ్యాపారపరంగా చూస్తే ఇది ఘోరమైన పద్ధతి. ఏ గంటలోనూ అందరూ వినరు. కానీ ఎవరికి కావలసినది వారికి రోజులో ఏదో ఒక గంటలో దొరికేది. సముద్రంలోకి వెళ్లవద్దన్న హెచ్చరిక ఉందా లేదా అని పొద్దున్నే చూసుకొనే మత్స్యకారుడికి, మిగతా పదమూడు పద్నాలుగు గంటల ప్రసారంతో పని లేకపోయినా, ఆ రెండు నిమిషాలతో పని ఉండేది.

అలాగని ఆ కాలాన్ని మరీ బంగారంగా చూపించను. యజమాని ఢిల్లీలో ఉండేవాడు, మైకు ముందు ఉన్నవాడు మాత్రం మన ఊరివాడు. అయితే ఆ మన ఊరివాడు మన ఊరి భాషలో మాట్లాడకూడదు. అనౌన్సరు పరీక్షలో మా యాసను ముందుగా తుడిచిపెట్టేవారు. “ఏటి”, “ఎల్లిపోనాడు”, “ఒచ్చీసినాడు” అని ఇంట్లో మాట్లాడే మనిషి మైకు ముందు కృష్ణా జిల్లా పాఠ్యపుస్తకంలా మాట్లాడాలి. ఉత్తరాంధ్ర యాస వినపడాలంటే నాటకంలో నౌకరు పాత్ర రావాలి, లేదా గ్రామీణ కార్యక్రమంలో సంభాషణ రావాలి. జముకుల కథ, తప్పెటగుళ్లు వంటివి ప్రసారమయ్యేవి, కళాకారులకు ఆడిషన్ పెట్టి గ్రేడు ఇచ్చి పారితోషికం చెక్కు ఇచ్చేవారు; అది గొప్ప సంగతే, ఎందుకంటే వారిలో కొందరికి బ్యాంకు ఖాతా అవసరమైనదే ఆ చెక్కు మార్చుకోవడానికి. కానీ జానపదం అన్న పేటికలో పెట్టి, గడియారం చూసి, పదిహేను నిమిషాలకు మూత వేసేవారు. రాత్రంతా సాగవలసిన కథ పదిహేను నిమిషాల్లో ఎలా ఇముడుతుంది? ఒకసారి ఒక జముకుల కథ బృందం పెద్దాయన రికార్డింగు అయ్యాక నన్ను పక్కకు పిలిచి, “బాబూ, మేం దణ్ణం పెట్టుకునే లోపలే మీ ఎర్రలైటు ఆరిపోనాది” అన్నాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. స్పూల్ టేపు ఖరీదైన వస్తువు. ప్రసారం అయిపోయిన టేపును చెరిపి దాని మీదే కొత్తది రికార్డు చేయడం నేను పనిచేసిన చోట రోజువారీ పని. చెరపడానికి ఒక యంత్రం ఉండేది. టేపు చుట్టను దాని మీద పెట్టి నెమ్మదిగా తిప్పితే అయస్కాంత క్షేత్రం మాటలన్నిటినీ తుడిచేస్తుంది. ఆ పని నేనూ చేశాను. ఏ టేపు మీద ఎవరి గొంతు ఉందో చీటీ చదవకుండా చేసిన రోజులు కూడా ఉన్నాయి. ఈ ఊరి మీద ఈ ఊరివాళ్లు చెప్పిన మాటలు ఎన్ని అలా పోయాయో లెక్క ఎక్కడా ఉండదు, ఎందుకంటే చీటీలు కూడా టేపు డబ్బాల మీంచి చింపి కొత్తవి అంటించేవాళ్లం. ప్రభుత్వం చేతిలో ఉన్నది భద్రంగా ఉంటుందన్న నమ్మకం నాకు అప్పుడే సడలింది.

1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, క్రికెట్ ప్రసారాలకు సంబంధించిన ఒక కేసులో, ఆకాశంలోని తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ప్రసార భారతి చట్టం 1990లోనే చేసి కూడా ఏడేళ్లు పక్కన పెట్టి, 1997లో అమలులోకి తెచ్చారు. దానితో ఆకాశవాణి ప్రభుత్వ శాఖ స్థాయి నుంచి స్వయంప్రతిపత్తి గల సంస్థ స్థాయికి వచ్చింది, కనీసం కాగితం మీద. మన కేంద్రంలో బోర్డు మారలేదు, మనుషులు మారలేదు, జీతం ఇచ్చే ఖజానా కూడా నిజానికి మారలేదు. శ్రోతకు వినిపించిన మార్పు దాదాపు లేదు. ఆ కోర్టు తీర్పులో మరో మాట కూడా ఉంది: తరంగాలు ప్రజలవి కాబట్టి వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం తగదు, అలాగని డబ్బున్నవారికి ధారాదత్తం చేయడమూ తగదు. మొదటి సగం అమలైంది.

అది అమలైన తీరు ఇది. 1999లో ప్రభుత్వం 40 నగరాల్లో 108 ఎఫ్‌ఎం ఫ్రీక్వెన్సీలను వేలం వేసింది. ఏటా కట్టవలసిన లైసెన్సు రుసుము ఏడాదికి 15 శాతం చొప్పున పెరుగుతూ పోతుంది. క్లాసులో చక్రవడ్డీ చెప్పిన వాడిని కాబట్టి ఆ లెక్క వెంటనే కళ్లకు కడుతుంది: ఐదేళ్లకు రుసుము రెట్టింపు, పదో ఏట మొదటి ఏడాదికి మూడున్నర రెట్లు. ప్రకటనల ఆదాయం అలా పెరగదు. వేలం పాట పాడినవాళ్లలో చాలామంది వెనక్కి తగ్గారు. చివరికి మాట వినిపించినవి 12 నగరాల్లో 21 స్టేషన్లే. ఆ పన్నెండింటిలో మన విశాఖపట్నం ఉంది, హైదరాబాదు లేదు. హైదరాబాదుకు లేని ప్రైవేటు ఎఫ్‌ఎం మనకు ముందు వచ్చిందని ఆ రోజుల్లో మనవాళ్లు కాలరెగరేసిన మాట నాకు గుర్తుంది. ఆ స్టేషను పేరు విశాఖ ఎఫ్‌ఎం. యజమాని చెన్నైలోని సన్ నెట్‌వర్క్.

నాకు ఆ పేరు మీద ఈనాటికీ మమకారం ఉంది. ఈ ఊళ్లో నడిచిన ప్రైవేటు స్టేషన్లన్నింటిలో ఈ ఊరి పేరు పెట్టుకొన్నది నాకు తెలిసి అదొక్కటే. తరువాత ఆ సంస్థ తన స్టేషన్లన్నింటికీ ఒకే పేరు ఉండాలని ఎస్ ఎఫ్‌ఎం అంది, 93.5 మీద. ఆ దశాబ్దం ముగిసే సరికి అదే 93.5 రెడ్ ఎఫ్‌ఎం అయింది. రెడ్ ఎఫ్‌ఎం అన్న పేరు పుట్టింది ఇంకెక్కడో, ఇండియా టుడే పత్రికల సంస్థ ఇంట్లో. అది చేతులు మారుతూ మారుతూ సన్ వారి దరికి చేరితే, ఆ పేరును ఇక్కడ తగిలించారు. ఒక పేరులో ఊరు ఉంది, రెండో పేరులో కంపెనీ పొడి అక్షరం ఉంది, మూడో పేరులో ఒక రంగు మాత్రమే మిగిలింది. నేను ముందు చెప్పిన ఆటో అబ్బాయి పేరేదైతే ఏటి అన్నది అందుకే.

2005లో రెండో విడత విధానం వచ్చింది. 15 శాతం పెరుగుదల తీసేసి, ఆదాయంలో 4 శాతం, లేదా నగరాన్ని బట్టి నిర్ణయించిన కనీస మొత్తం, ఏది ఎక్కువైతే అది కట్టమన్నారు. ఈసారి వ్యాపారం కుదిరింది. కొద్దికాలంలోనే మన ఊళ్లో నాలుగు స్టేషన్లు నిలబడ్డాయి: 91.1 రేడియో సిటీ, 92.7 బిగ్ ఎఫ్‌ఎం, 93.5 రెడ్ ఎఫ్‌ఎం, 98.3 రేడియో మిర్చి. ఒకే ఊళ్లో రెండు ఎఫ్‌ఎం స్టేషన్ల మధ్య 0.8 మెగాహెర్ట్జ్ ఎడం ఉండాలన్నది మన దేశంలో పెట్టుకొన్న నియమం. 92.7కూ 93.5కూ మధ్య సరిగ్గా అంతే ఎడం ఉంది. ముల్లు వెంట్రుకవాసి జరిపితే ఒక పాట పోయి ఇంకో పాట వస్తుంది. వాల్తేరు మెట్ట ఎక్కేటప్పుడు ఒకదానిలో మొదలైన పాట, దిగేటప్పుడు పక్కదానిలో మళ్లీ మొదలవడం మీరందరూ విన్నదే.

నాలుగు కంపెనీలు, నాలుగు వేర్వేరు యాజమాన్యాలు, అయినా వినిపించేది ఒకటే ఎందుకు? దీనికి జవాబు అభిరుచిలో వెతికితే దొరకదు, లెక్కల్లో వెతకాలి. వార్తలు చెప్పడానికి లైసెన్సు ఒప్పుకోదు. నాటకం వేయాలంటే రచయిత, నటులు, రిహార్సలు కావాలి. చర్చ పెడితే అది వర్తమాన వ్యవహారాల కిందికి వస్తుందేమోనని భయం. మిగిలింది పాట. ఆ పాటకు కూడా 2010కి ముందు మ్యూజిక్ కంపెనీలకు గంటల చొప్పున రాయల్టీ కట్టేవారు; ఎంతసేపు మోగిస్తే అంత ఖర్చు. 2010 ఆగస్టులో కాపీరైట్ బోర్డు ఆ పద్ధతిని మార్చి, ప్రకటనల నికర ఆదాయంలో 2 శాతం ఇస్తే చాలునంది. కంపెనీలకు అది ప్రాణం పోసిన తీర్పే. కానీ ఆ లెక్క నడిచిన 2020 దాకా గంటకు పది పాటలు వేసినా, పన్నెండు వేసినా కట్టవలసింది అంతే ఉండేది. మనిషి చేత మాట్లాడిస్తే మాత్రం జీతం ఇవ్వాలి. పాట చవకైన చోట మాట బరువెక్కుతుంది. ప్రకటన ఇచ్చేవాడికి కావలసింది కొనుగోలు చేయగల వయసువాడు కాబట్టి పాట కూడా కొత్త సినిమాదే అవుతుంది. నలుగురు యజమానులు ఒకే ఎక్కం చేస్తే నాలుగు సమాధానాలు ఎలా వస్తాయి? పాత పాటలు, తక్కువ మాటలు, ఎక్కువ మాటలు అంటూ వారు అప్పుడప్పుడూ తేడా చూపించే ప్రయత్నాలు చేశారు. కొత్త ట్యాగ్‌లైను, కొత్త జింగిల్, ఊరంతా హోర్డింగులు. కొన్నాళ్లకు మళ్లీ అదే పాట.

ఒక్క విషయంలో ఆ కుర్రవాళ్లకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. మేము తుడిచేసిన యాసను ఆర్‌జేలు, అంటే ఎఫ్‌ఎం వ్యాఖ్యాతలు, తిరిగి తెచ్చారు. పొద్దుటి కార్యక్రమంలో గాజువాక ట్రాఫిక్ గురించి, పూర్ణామార్కెట్ ధరల గురించి, ఆర్‌కే బీచ్‌లో ముంత మసాలా గురించి ఈ ఊరి నోటితో మాట్లాడారు. వ్యాపారం కోసమే కావచ్చు. సిరిపురం గోడల మధ్య మాకు రాని ధైర్యం వాళ్లకు వచ్చింది.

యజమానుల కథ ఇంకా ఉంది. రేడియో సిటీ 2001లో బెంగళూరులో దేశంలోనే తొలి ప్రైవేటు ఎఫ్‌ఎంగా మొదలైంది. పెట్టుబడి సంస్థల చేతుల మీదుగా సాగి, 2015లో కాన్పూరుకు చెందిన హిందీ దినపత్రిక జాగరణ్ వారి చేతికి వచ్చింది. మిర్చి మొదటి నుంచీ టైమ్స్ వారిదే. పేరులో రేడియో అన్న మాటను మాత్రం ఈమధ్య వదిలేసుకొంది. బిగ్ ఎఫ్‌ఎం సంగతి అచ్చంగా పెళ్లిచూపుల కథ. అనిల్ అంబానీ రిలయన్స్ వర్గం పెట్టిన సంస్థ అది. 2016లో జీ వారు వచ్చి చూసి మాట ఇచ్చారు, కుదరలేదు. 2019లో రేడియో సిటీవారే దాదాపు 1,050 కోట్ల రూపాయల విలువ కట్టి తాంబూలాల దాకా వచ్చారు, అదీ కుదరలేదు. 2023లో అప్పులవాళ్లు దివాలా కేసులు చూసే ముంబై కంపెనీ లా ట్రిబ్యునల్ మెట్లెక్కించారు. 2024లో సఫైర్ మీడియా అన్న సంస్థ దాదాపు 261 కోట్లకు తీసుకోవడానికి ట్రిబ్యునల్ ఒప్పుకొంది. దేశవ్యాప్తంగా 58 స్టేషన్ల మూట అది. అందులో మనది ఒకటి. 92.7 మీద పాట ఒక్క పూట కూడా ఆగినట్లు నాకు అనిపించలేదు. వెయ్యి కోట్లనుకొన్న ఆస్తి పావు వంతుకు దిగిపోవడం మన ఊరి గాలిలోనే జరిగింది, మనం ఆ గాలిలోనే పాటలు వింటూ ఇడ్లీ తిన్నాం.

2011లో మూడో విడత విధానం వచ్చింది. లైసెన్సు కాలం పదేళ్ల నుంచి పదిహేనేళ్లకు పెరిగింది. అంతకుముందు చిన్న ఊళ్లకే పరిమితమైన నెట్‌వర్కింగు సదుపాయాన్ని, అంటే ఒక చోట తయారైన కార్యక్రమాన్ని సంస్థ తన ఇతర స్టేషన్లలోనూ వేసుకొనే వీలును, దేశమంతటికీ విస్తరించారు. నా అభిప్రాయంలో యజమాని మార్పులన్నిటి కన్నా ఈ ఒక్క వాక్యం మన స్టేషన్లను ఎక్కువ మార్చింది. హైదరాబాదులో రికార్డయిన గొంతు ఇక్కడ వినిపించవచ్చు. శ్రోతకు తేడా తెలియదు, కంపెనీకి ఒక జీతం మిగులుతుంది. యజమాని దూరంగా ఉండటం మనకు 1963 నుంచీ అలవాటే. మైకు కూడా దూరంగా ఉండటం కొత్త.

వార్తల విషయంలో ఆ విధానం అరడుగు వేసింది. ఆకాశవాణి వార్తలను ఒక్క అక్షరం మార్చకుండా ప్రసారం చేసుకోవచ్చునంది. ట్రాఫిక్, వాతావరణం, నీళ్లు, కరెంటు, ప్రకృతి విపత్తులు, అధికారులు ఇచ్చే హెచ్చరికలు వార్తల లెక్కలోకి రావని స్పష్టం చేసింది. 2023లో టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇంకొంచెం ముందుకెళ్లి, గంటకు పది నిమిషాలు వార్తలు చెప్పనివ్వాలని సిఫారసు చేసింది.

ఆకాశవాణి కూడా ఈలోగా ఊరుకోలేదు. 102 మెగాహెర్ట్జ్ మీద రెయిన్‌బో ఎఫ్‌ఎం పెట్టింది. ఫోను యాప్‌లోకి ఎక్కింది. ఇప్పుడు అమెరికాలో ఉన్న మనవడు కూడా విశాఖ కేంద్రం వినగలడు. 2023 మే నుంచి ఇంగ్లీషులో సైతం ఆల్ ఇండియా రేడియో అనవద్దు, ఆకాశవాణి అనే అనండి అని ఉత్తర్వు వచ్చింది. మనం తెలుగులో ఎప్పటి నుంచో అదే అంటున్నాం కాబట్టి మనకు శ్రమ లేదు.

ఇక్కడ మళ్లీ నా తరంగాల దగ్గరికి రావాలి. ఎఫ్‌ఎం తరంగం పొడవు 102 మెగాహెర్ట్జ్ దగ్గర మూడు మీటర్లకు కాస్త తక్కువ. 324 మీటర్ల తరంగం కొండను చుట్టుకొని దాటిపోతే, మూడు మీటర్ల తరంగం కొండ వెనుక నీడ వదిలేస్తుంది. కొండ మీది టవరు నుంచి సముద్రం వైపు బాగానే పోతుంది. చిక్కంతా పడమటి వైపు. సింహాచలం కొండల వెనుక గరగర మొదలవుతుంది, అనంతగిరి ఘాట్‌లో నాలుగో మలుపు దాటితే పాట తెగిపోతుంది, అరకులో నగరపు ఎఫ్‌ఎం ఏదీ స్థిరంగా వినపడదు. అంటే స్వచ్ఛమైన శబ్దం కోసం మీడియం వేవ్ నుంచి ఎఫ్‌ఎంకు మారిన మనం, ఉత్తరాంధ్ర స్టేషనును నగరపు స్టేషనుగా కుదించుకొన్నాం. యజమాని ఢిల్లీ నుంచి చెన్నైకి, ముంబైకి, కాన్పూరుకు తిరుగుతూ ఉంటే, మన ఊరు అన్న మాటకు ఉన్న సరిహద్దు మాత్రం పాడేరు నుంచి పెందుర్తికి వచ్చి ఆగింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను పూడిమడక దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు పోయింది, సెల్ టవర్లు పోయాయి. ఆ రాత్రి మా వీధి మొత్తానికి ఒక్క ట్రాన్సిస్టరు మిగిలింది, మా నాన్నగారిది. పెన్సిల్ బ్యాటరీలు వేసి ముల్లు తిప్పితే మీడియం వేవ్‌లో దూరపు కేంద్రం ఒకటి అందింది. మన ఊరికి ఏం జరిగిందో మన ఊళ్లో కూర్చొని దూరపు కేంద్రం నోట విన్నాం. పక్కింటి కుర్రవాడు తన ఫోనులో ఎఫ్‌ఎం కోసం వెతికితే ఆ ఫోనులో ఆ సదుపాయమే లేదు. 2023లో కేంద్ర ఐటీ శాఖ ఫోన్ల కంపెనీలకు, ఎఫ్‌ఎం రిసీవరు ఉంటే దాన్ని మూసిపెట్టవద్దని సలహా ఇచ్చింది. ఉన్నా, ఇయర్‌ఫోను తీగ తగిలిస్తే గానీ ఏరియల్ ఉండదు. తీగ ఉన్న ఇయర్‌ఫోను ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఎఫ్‌ఎం లేని 234 ఊళ్లలో 730 చానళ్లను వేలం వేయడానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో శ్రీకాకుళం ఉంది, విజయనగరం ఉంది. విశాఖలో ఇప్పుడు నడుస్తున్న ప్రైవేటు లైసెన్సుల గడువు 2030 ప్రాంతంలో తీరుతుంది. కాబట్టి అప్పటికల్లా మన పాత మూడు జిల్లాల గాలి మరోసారి బేరానికి వస్తుంది. గెలిచేది ఎక్కడి కంపెనీ అన్నది మన చేతిలో లేదు, నిజానికి నాకు ఆ ప్రశ్న మీద పెద్ద ఆసక్తి కూడా లేదు. నాకున్న ప్రశ్న వేరు.

2020 మే 7న వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చింది తెల్లవారుజామున, ఊరంతా నిద్రలో ఉన్నప్పుడు. ఏ వైపు పరుగెత్తాలి, తడిగుడ్డ ముక్కుకు పెట్టుకోవాలా, బండి తీయవచ్చా అన్న మాటలు గొంతుతో చెప్పవలసిన సమయం అది. అధికారులిచ్చే అటువంటి హెచ్చరికకు లైసెన్సు అడ్డురాదు, ఆ మాట నియమాల్లోనే ఉందని ఇందాక చెప్పాను. నాకు మాత్రం ఆ సంగతి పొద్దెక్కాక వాట్సాప్‌లో తెలిసింది. మేము పనిచేసిన రోజుల్లో రాత్రి ప్రసారం ముగిశాక స్టేషను మూసేసేవాళ్లం, కాబట్టి మేమైనా చేయగలిగేది ఏమీ లేదు. ఇప్పుడు స్టేషన్లు ఇరవై నాలుగు గంటలూ మోగుతాయి. రాత్రంతా కంప్యూటరు ఒక పాట వెనుక ఒకటి వేసుకుంటూ పోతుంది. 2030లో కొత్త లైసెన్సు షరతులు రాసేవారిని నేను అడగదలచుకొన్నది ఒకటే: తెల్లవారుజామున మూడు గంటలకు ఆ స్టూడియోలో మైకు స్విచ్చి వేయగల మనిషి ఒకడు, ఈ ఊళ్లో, కుర్చీలో ఉంటాడా?

సమయం మించిపోయినట్లుంది, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. మీ ప్రశ్నలకు వస్తాను. పాత స్పూల్ టేపులు గానీ, క్యాసెట్లలో ఇంట్లో రికార్డు చేసుకొన్న విశాఖ కేంద్రం కార్యక్రమాలు గానీ ఎవరి అటకల మీదైనా ఉంటే, దయచేసి వెళ్లేముందు నాతో ఒక మాట చెప్పండి.